అత్త ఊపిరికి ఓజోన్ వైద్యం

మొన్న ఎండాకాలంలో ఒకనాడు సాయంత్రం నాలుగింటికే చెప్పులు వేసుకుని నడకకు బయలుదేరుతుంటే మా కోడలు ఫోను చూసి నన్ను గుమ్మంలోనే ఆపింది. తార్నాక గాలిలో ఆ పూట ఓజోన్ ఎక్కువగా ఉన్నదనీ, పెద్దవాళ్లు, ఊపిరి సరిగా ఆడనివాళ్లు ఎండ వాలేదాకా ఇంట్లోనే ఉండాలనీ అందులో రాసి ఉందట. పక్కనే హోంవర్కు చేసుకుంటున్న మనుమరాలు తల ఎత్తి, ఓజోన్ తగ్గిపోతే ప్రమాదమని టీచరు చెప్పింది కదా, ఎక్కువైతే ప్రమాదమెట్లా అవుతుందని తల్లితో వాదం పెట్టుకుంది. ఇద్దరూ చెప్పింది నిజమే. ఆ మాట చెప్పబోయి నేను చెప్పులు విప్పి కుర్చీలో కూలబడ్డాను, ఎందుకంటే ఆ రెండు నిజాల మధ్య ఉన్న దూరం తెలియక పందొమ్మిదేళ్ల వయసులో నేను చేసిన ఒక పని నా కళ్లముందు మెదిలింది.

అరవై ఏడో, ఎనిమిదో సంవత్సరం. మేము వారాసిగూడలో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నన్ను పెంచింది మా మేనత్త. ఆమెకూ భర్త లేడు, పిల్లలు లేరు. ఊళ్లో అత్తగారింట్లో పొలం పనికి, పశువుల పనికి తప్ప మరి దేనికీ ఆమెను పిలిచేవారు కారట, నాయన వెళ్లి తీసుకొచ్చాడు. మెట్రిక్ అయ్యాక నన్ను ఇంట్లో కూర్చోబెట్టకుండా మా చిన్నాయన యూనివర్సిటీ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగం ఇప్పించాడు. చిన్నాయన అక్కడే కెమిస్ట్రీ విభాగంలో లేబొరేటరీ అటెండరు. కొత్తగా వచ్చిన పుస్తకాల వెనక అట్టకు జేబు అంటించడం, తేదీలు కొట్టే చీటీ అంటించడం, ముద్ర వేయడం నా పని. జిగురు ఆరేదాకా పుస్తకం మూయకూడదు కాబట్టి ఆ కాసేపూ తెరిచిన పేజీ చదివేదాన్ని. అట్లా పక్షుల గురించి సగం పేజీ, రోము నగరం గురించి ఒక పేజీ, రక్తప్రసరణ గురించి పేజీన్నర చదువుకుంటూ, అర్థం కాని ఇంగ్లీషు మాటలు ముంజేతి మీద రాసుకుని మధ్యాహ్నం అన్నం తిన్నాక నిఘంటువులో వెతుక్కునేదాన్ని. నా ఈడువాళ్లకు తెలుస్తుంది ఆ ఆకలి. కాలేజీ గడప తొక్కనివాళ్లకు గ్రంథాలయంలో కుర్చీ దొరికితే అది సింహాసనమే. బి.ఎస్సీ. విద్యార్థులకు కూడా తెలియని సంగతి ఒకటి నాకు తెలిసిందంటే ఆ రోజంతా నేల మీద నడిచేదాన్ని కాదు.

ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి అత్తకు ఆయాసం పట్టుకుంది. తెల్లవారుజామున లేచి కూర్చుని, గోడకు వీపు ఆనించి, ఒక్కొక్క శ్వాసనూ బావిలోంచి నీళ్లు తోడినట్టు తోడుకునేది. చిలకలగూడ డాక్టరు మందులిస్తూనే గాలి మార్పు మంచిదన్నాడు. ఆ మాట నాయన పట్టుకున్నాడు. పట్నం గాలి పడడం లేదు, బతుకమ్మ పండుగ కాగానే ఆమె అత్తగారి ఊరికి పంపిస్తానని తేల్చేశాడు. ఆయనకు అక్క మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే ఆ నిర్ణయం. అత్త మాత్రం నాయన బయటికి పోయాక నాతో అన్నది, "గాడికి పోతే గాలి మంచిగనే ఉంటది బిడ్డా. నీళ్లు తాగినవా అని అడిగేటోడే ఉండడు." ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. పండుగకు ఇంకా రెండు నెలల గడువుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఎవరో పాత జమీందారు కుటుంబం విరాళంగా ఇచ్చిన పుస్తకాల పెట్టెలు మా విభాగానికి వచ్చాయి. చెదలు తిన్నవి తీసేసి తక్కినవాటికి చీటీలు అంటిస్తుంటే, తోలు బైండింగుతో బంగారు అక్షరాలున్న ఒక లావాటి ఆరోగ్య గ్రంథం చేతికి వచ్చింది. జిగురు ఆరేలోగా నేను చదివిన పేజీ ఊపిరితిత్తుల జబ్బుల గురించి. సముద్రతీరంలో, కొండల మీద, దేవదారు వనాల్లో గాలి ఎందుకు జీవం పోస్తుందంటే అందులో ఓజోన్ అనే ప్రాణవాయువుకు పెద్దన్న లాంటి వాయువు ఉండడం వల్లనేనట. ఊపిరాడని రోగులకు యంత్రంతో ఆ వాయువును తయారుచేసి పీల్పించే వైద్యశాలలు ఐరోపాలో ఉన్నాయట. ఒక బొమ్మ కూడా ఉంది, కుర్చీలో తెల్లటి దుస్తుల ముసలమ్మ, ఆమె ముక్కు దగ్గర గాజు గొట్టం. ఓజోన్ ఉన్నదీ లేనిదీ కనుక్కునే కిటుకు కూడా ఆ పుస్తకమే చెప్పింది. పొటాషియం అయొడైడు అనే ఉప్పును గంజిలో కలిపి, కాగితానికి పట్టించి, ఆరబెట్టి, నీడలో గాలికి వేలాడదీస్తే చాలు, తర్వాత నీళ్లు చిలకరించి చూస్తే ఓజోన్ ఉన్నచోట కాగితం నీలిరంగు తిరుగుతుంది.

చిన్నాయనను బతిమాలితే ఆ ఉప్పు చిటికెడు పొట్లం కట్టి ఇచ్చాడు. గంజికి మా ఇంట్లో కరువు లేదు. అన్నం వార్చిన గంజిని అత్తే వడగట్టి ఇచ్చింది, నేనేం చేస్తున్నానో ఆమెకు ముచ్చట. సిరా అద్దుడు కాగితాన్ని రిబ్బన్లలాగ కత్తిరించి, నానబెట్టి, పాత చీర కొంగుతో ఎండ తగలకుండా కప్పి ఆరబెట్టాను. "గాలికి పరీక్ష పెడుతున్నవా పిల్లా? పాసైందో ఫేలైందో జర నాకు గూడ చెప్పు" అని అత్త నవ్వింది, నవ్వు మధ్యలోనే దగ్గు వచ్చింది.

ఒక కాగితం మా ఇంటి గుమ్మానికి, ఒకటి అడిక్‌మెట్ మలుపులో మా దూరపు చుట్టం ఇంటి కిటికీకి, ఒకటి గ్రంథాలయం వెనక రాళ్లగుట్ట మీది చెట్టుకు, ఒకటి తార్నాకలో రోడ్డు పక్కన నీడకు కట్టాను. అప్పటి తార్నాక మీకు గుర్తుందా? నాలుగు బంగళాలు, వాటి చుట్టూ ఖాళీ జాగాలు, సీతాఫలం పొదలు, అప్పుడొకటి అప్పుడొకటి వచ్చే బస్సు. మరునాడు సాయంత్రం కాగితాలన్నీ తెచ్చి నీళ్లు చిలకరించాను. వారాసిగూడ కాగితం పాలిపోయి అట్లాగే ఉంది. అడిక్‌మెట్‌ది కొంచెం ఊదా. గుట్ట మీదిదీ, తార్నాకదీ చూస్తుండగానే నేరేడు పండు రంగు పట్టాయి. కంటికి కనబడని గాలి నా చేతిలో అంగుళం వెడల్పు కాగితం మీద సంతకం పెట్టినట్టనిపించింది. వారం రోజులు మళ్లీ మళ్లీ చేశాను, ప్రతిసారీ అదే వరుస.

నాయన ముందు కాగితాలు పరిచాను. అత్తను ఊరికి పంపనక్కర్లేదు, మనమే తార్నాక వైపు మారితే చాలన్నాను. నాయన కాగితాలను తిప్పి తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది తల్లీ. నీలం కాయితం చూపిస్తే తార్నాకల ఇల్లెవడిస్తడు?" అన్నాడు. అంతటితో ఆ దారి మూసుకుపోయింది. అప్పుడే నా బుర్రకు మరో దారి తట్టింది. గాలి దగ్గరికి అత్తను తీసుకుపోలేకపోతే, అసలు సరుకే చిన్నాయన లేబొరేటరీలో ఉంది కదా.

అక్కడ ఒక లెక్చరరుగారు పరిశోధన కోసం ఓజోన్ తయారుచేసే గాజు పరికరం నడిపేవారు. కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం వారిది. పెద్ద సిలిండరులోంచి ప్రాణవాయువు గాజు గొట్టాల్లోకి పోతే, వాటి చుట్టూ కరెంటు బుసకొట్టేది. అవతల వచ్చే వాయువు పని అయిపోయాక ఒక మందునీళ్ల సీసాలోకి బుడగలుగా పోయి అక్కడే ఆగిపోవాలి. ఆ సీసాకు కలిపే రబ్బరు గొట్టాన్ని చిన్నాయన పదిరోజులకోసారి మార్చేవాడు, కొత్త గొట్టం కూడా వంపు తిరిగిన చోట పగుళ్లిచ్చి తునిగిపోయేదట. ఆ సంగతి ఆయన మా ఇంట్లో ఎన్నోసార్లు విసుక్కుంటూ చెప్పాడు, నేను ఎన్నోసార్లు విన్నాను. విన్నది వేరు, ఆలోచించింది వేరు.

ఒక శనివారం మధ్యాహ్నం, లెక్చరరుగారు భోజనానికి ఇంటికి వెళ్లే వేళ చూసి, అత్తను రిక్షాలో తీసుకువెళ్లాను. చిన్నాయన భయపడ్డాడు. నేను తోలు పుస్తకంలో ముసలమ్మ బొమ్మ చూపించాను. అచ్చులో ఉన్నదానిని కాదనడానికి ఆయనకు ధైర్యం లేదు, ఎదురుగా కూర్చుని ఆయాసంతో ఎగపోస్తున్నది తోడబుట్టిన అక్క. "ఒక్క నిమిషమే అక్కా. చెప్పంగనే లేవాలె" అని సీసా దగ్గర గొట్టం విప్పి ఆమె ముఖం ముందు పట్టుకున్నాడు. పిడుగు పడినప్పుడు వచ్చే లాంటి ఘాటైన వాసన గది నిండా కొట్టింది. అత్త నా మీద నమ్మకంతో కళ్లు మూసుకుని గుండెల నిండా పీల్చింది.

మూడో శ్వాసకే ఆమె గొంతు పట్టేసింది. దగ్గు కాదు అది, దగ్గడానికి కూడా గాలి లేని పెనుగులాట. కళ్లు నీళ్లతో నిండిపోయాయి, చేతులు నా భుజాన్ని వెతికాయి, పెదవులు నా కాగితాల రంగుకు తిరిగాయి. చిన్నాయన గొట్టం పారేసి కరెంటు తీసేశాడు, నేను కిటికీలు తెరిచాను, ఇద్దరం కలిసి ఆమెను వరండాలోకి మోసుకొచ్చాం. మరచిపోయిన కళ్లజోడు కోసం వెనక్కి వచ్చిన లెక్చరరుగారు మెట్ల మీద ఎదురయ్యారు. తన కారులో అత్తను పడుకోబెట్టి యూనివర్సిటీ ఆసుపత్రికి తీసుకువెళ్లి, సూది మందు ఇచ్చేదాకా పక్కనే నిలబడ్డారు. సాయంత్రానికి ఊపిరి కుదుటపడింది. ఆ నాలుగు గంటలూ నేను ఆసుపత్రి గోడ మీది పెచ్చులు లెక్కపెడుతూ ఉండిపోయాను. ఆమె పోతే చంపింది నేనే అన్న ఒక్క వాక్యం తప్ప నేను చదివిన వేల పేజీల్లో ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు.

కళ్లు తెరిచాక అత్త నన్ను చూసి మెల్లగా అన్నది. "ఏందే పిల్లా, రబ్బరునే తిన్నది నన్నిడుస్తదా?" ఆమెకు అక్షరం రాదు. తమ్ముడు విసుక్కున్న మాట విని ఆమె ఆలోచించింది, నేను ఆలోచించలేదు.

సోమవారం లెక్చరరుగారు నన్ను పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకునే వెళ్లాను. నా కంటే చిన్నాయనది పోతుందేమోనని భయం. ఆయన కుర్చీ చూపించి, "కూర్చో అమ్మాయ్. ఏ పుస్తకం చదివి చేశావీ ఘనకార్యం?" అన్నారు. పుస్తకం ఆయన ముందు పెట్టాను. ఆయన బొమ్మ దగ్గరకు పోలేదు, మొదటి పేజీ తిప్పి, అచ్చయిన సంవత్సరం మీద వేలు పెట్టి నా వైపు తిప్పారు. డెబ్బై ఏళ్ల నాటి పుస్తకం. రోజూ వందల పుస్తకాల వెనక తేదీల చీటీలు అంటించేదాన్ని, ముందు పేజీలో తేదీ చూడాలని నాకు ఎన్నడూ తోచలేదు. "పుస్తకం అబద్ధం చెప్పలేదమ్మా. అప్పటికి వాళ్లకి అంతే తెలుసు. ఆ తర్వాత తెలుసుకున్నారు, ఇది ఊపిరితిత్తులకి విషమని. నీ పుస్తకానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు" అన్నారు.

తర్వాత సుద్దముక్క తీసుకుని బల్ల మీదనే భూమిని గీశారు. పదిహేను ఇరవై మైళ్ల ఎత్తున ఇదే వాయువు పొరలా ఉంటుందనీ, సూర్యుడి వెలుగులో కంటికి కనబడని ఘాటైన కిరణాలను అదే పట్టేస్తుందనీ, ఆ పొరే లేకుంటే నేల మీద పచ్చగడ్డి కూడా మొలిచేది కాదేమోననీ చెప్పారు. అంత పనిచేసే ఆ ఓజోన్‌నంతా నేల మీదికి దించి పరిస్తే రెండు నాణేలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం కూడా ఉండదట. ప్రపంచమంతటి తలకు గొడుగు, దాని మందం రెండు బిళ్లలు! చోటు మారితే చాలు, అక్కడ ప్రాణం కాచేది ఇక్కడ ప్రాణం తీస్తుంది. భయం మరచిపోయి అడిగేశాను, అంత పల్చటిది కదా సార్, ఏదైనా అయి అది పోతే ఏమవుతుందని. ఆయన నవ్వి, "పైకెక్కి దాన్ని ఎవరు పీకుతారమ్మా?" అన్నారు. ఆ నవ్వులో హేళన లేదు. ఆనాడు నాకు తెలిసినవాళ్లెవరైనా అట్లాగే నవ్వేవారు.

నన్ను పంపించేముందు ఆయన ఇంకొక ప్రశ్న వేశారు, ఇంట్లో వంట దేని మీద చేస్తారని. రంపపు పొట్టు దట్టించిన పొయ్యి మీద అన్నాను. వానాకాలంలో ఎక్కడ పెడతారన్నారు. లోపలి గదిలో, కిటికీ లేదు అన్నాను. ఆయన నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నారు. నాకు తెలియవలసింది తెలిసేదాకా చూశారు. ఊరి చివరి గుట్టలెక్కి గాలిని పరీక్షించినదాన్ని, అత్త రోజుకు ఆరు గంటలు కూర్చునే చోట ఒక్క కాగితమూ కట్టలేదు, కనీసం తలుపులో నిలబడి కళ్లు మండుతున్నాయేమోనని కూడా చూడలేదు. ఆకాశంలో వెతుకుతున్న జవాబు వంటింట్లో పొగై కూర్చుంది.

ఆ రోజు నుంచి పొయ్యి వాకిట్లోకి వచ్చింది, వాన పడితే రేకు కింద కిరసనాయిల్ స్టవ్వు. వంట నేను అందుకున్నాను. ఈసారి నాయన ముందు కాగితాలు పరచలేదు, పండుగ దాకా ఆగమని మాత్రం అడిగాను. బతుకమ్మ నాడు అత్త వాకిట్లో నాలుగు చుట్లు ఆడి, ఆయాసపడకుండా అరుగు మీద కూర్చుని పాట అందుకుంది. నాయన చాలాసేపు విని, "గీ గొంతును ఊరికెట్ల పంపుత?" అని లోపలికి పోయాడు. జబ్బు పూర్తిగా పోలేదు, చలికాలంలో పలకరిస్తూనే ఉండేది. కానీ అత్త ఎక్కడికీ పోలేదు. నా పెళ్లయ్యాక తార్నాకలో మేము అద్దెకు దిగితే నాతోపాటే వచ్చింది.

ఇరవై ఏళ్లు గడిచాయి. ఒకరోజు తెలుగు పత్రికలో చదివాను, భూమి దక్షిణపు కొసన ఆ పొర పల్చబడి రంధ్రం పడిందని. ఎవరూ పైకెక్కి పీకలేదు. మన ఫ్రిజ్జుల్లో, సెంటు డబ్బాల్లో వాడే వాయువులు ఎవరికీ హాని చేయని సాధువుల్లా మెల్లగా పైకి చేరి, అక్కడ ఎండకు విరిగి, పొరను తినడం మొదలుపెట్టాయట. అట్లాగే సాగితే చర్మానికి పుండ్లు, క్యాన్సర్లు, కళ్లలో శుక్లాలు, పంటల్లో గింజ తగ్గడం, సముద్రంలో చేపల మేత అయిన సన్నజీవులు నశించడం, ఇవన్నీ రాశారు. ఈసారి నేను ముందు పత్రిక తేదీ చూసి, ఆపై గ్రంథాలయానికి పోయి మరి రెండు కొత్త పత్రికలు వెతికి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయని తేల్చుకుని, అప్పుడు అత్తకు చదివి వినిపించాను. ఆమె ఎండకు వీపు పెట్టి కూర్చుని అంతా విన్నది. "గా డబ్బాలు ఎవల ఇంట్ల ఉన్నయే?" అన్నది. ఎక్కువగా గొప్ప దేశాల ఇండ్లలో అన్నాను. "మరి రంధ్రం కింద కూసునేది?" అన్నది. అందరం అన్నాను. ఆమె తల పంకించి, "పొయ్యి ఒకలది, పొగ అందరిదన్నట్టు" అన్నది.

ఆ తర్వాత రెండేళ్లకు ఆమె పోయింది, వయసుతో, నిద్రలో, ఊపిరి కోసం పెనుగులాడకుండా. అది నాకు దక్కిన ఊరట.

ఇప్పుడా తార్నాకలో పొదలూ లేవు, ఖాళీ జాగాలూ లేవు. వంతెన మీదా కిందా ఆగకుండా పోయే వాహనాల పొగే మధ్యాహ్నపు ఎండలో మగ్గి ఓజోన్ అవుతుందట. గుట్ట మీద అప్పుడు పిసరంతగా ఉన్నదాన్ని ఎంత గొప్పగా వెతుక్కున్నానో, ఇప్పుడు అదే అక్కర్లేనంతగా ముంగిట్లోకి వచ్చి కూర్చుంది. ఉండవలసిన పైపొర మాత్రం దేశాలన్నీ కూడబలుక్కుని ఆ వాయువుల వాడకం ఆపినందువల్ల మెల్లమెల్లగా మానుతోందని ఈమధ్యనే చదివాను. ఎవరి మాటా ఎవరూ వినని ఈ లోకంలో అందరూ కలిసి ఒక్క తప్పును ఒప్పుకుని సరిదిద్దుకున్నారంటే నాకు కళ్లు చెమర్చాయి. మా కోడలికి చెబితే మంచి మాటే అత్తమ్మా అన్నది, మనుమరాలు అది మా పాఠంలో ఉంది నానమ్మా అన్నది. ఇద్దరికీ తెలిసిన సంగతే అది, అడగవలసింది ఏమీ మిగల్లేదు. అత్త ఉంటే ఒప్పుకోవడానికి మొదట నోరు తెరిచిందెవరు, మిగిలినవాళ్లు ఎట్లా విన్నారు, మరి ఈ రోడ్డు మీది పొగకు ఎప్పుడు కూడబలుక్కుంటారని అడిగేది. ఆమె ఇప్పుడు లేకున్నా, ఆ ప్రశ్నలకు జవాబులు వెతకడానికి రేపు మళ్లీ గ్రంథాలయానికి పోతాను.